మంత్రమునకు మూల్యము

మన పల్లెలలో అరుగులమీదను, మండపముల రాతిపలకలమీదను గీతలు గీసికొని యాడు పులిజూదము నెఱుగనివారు అరుదు. అందు పులులు 3, మేకలు 15. పులి మేకమీదుగా దుమికి దానిని చంపగలదు. మేకకు దుముకుట లేదు, చంపుట లేదు. ప్రక్కచోటికి జరుగుట యొక్కటే దాని శక్తి. బలమునుబట్టి చూచినచో పులికిని మేకకును పోలికయే లేదు. అయినను నేర్పుగల యాటగాని చేతిలో ఆ మేకలే పులులను కదలనీయక కట్టివేయును. ఈ యాటను కల్పించినవారు ఇరుపక్షములకును సమానమైన శక్తి నీయలేదు. ఆడువారిరువురకును సమానమైన అవకాశము నిచ్చిరి. శక్తి వేఱు, అవకాశము వేఱు. ఈ భేదమును మఱచి మేమొకమాఱు పొరపడితిమి. ఆ పొరపాటును, దానివలన నేర్చుకొన్నదానిని మా విద్యార్థులకు తెలుపుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

రెండేండ్లుగా శనివారపు సాయంకాలములయందు మా పఠనమందిరములో కొందఱు విద్యార్థులచేత మేమొక క్రొత్తరకపు ఆట నాడించుచున్నాము. ఇంగ్లీషున దానిని రోల్ ప్లేయింగ్ గేము అందురు. మనము పాత్రధారణక్రీడ యనవచ్చును. బల్లచుట్టు అందఱును కూర్చుందురు. ఒకరు కథను నడుపుదురు. తక్కినవారొక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు: ఒకడు యోధుడు, ఒకడు వైద్యుడు, ఒకడు మాంత్రికుడు. వేషములు లేవు, తెరలు లేవు. కాగితము, పెన్సిలు, పాచికలు చాలును. “మీ యెదుట పాడుపడిన కోట యున్నది, తలుపు మూయబడియున్నది, ఏమి చేయుదురు?” అని కథకుడు అడుగును. “గోడ నెక్కుదును” అని యొకడనును. ఎక్కగలిగెనో లేదో పాచిక తేల్చును. ఈ యాటలో ఒకరు గెలుచుట, ఒకరు ఓడుట లేదు. అందఱును కలిసి యొక కథను సాగింతురు. కావున ఇందు ఒకనికి కలుగగల నష్టము ఒక్కటియే: తాను కూర్చున్న బల్లవద్ద తనకు పని లేకపోవుట.

ఈ యాట పుట్టుకను కొంచెము తెలిసికొన్నగాని మంత్రశక్తి ఇందు ఏల చిక్కులు పెట్టుచున్నదో బోధపడదు. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్సు, జెఫ్ పెరెన్ అనువారు ‘చెయిన్‌మెయిల్’ అను పేర చిన్నబొమ్మలతో యుద్ధము నాడుటకు నియమములను ప్రకటించిరి. దాని యనుబంధములో సైనికులతోపాటు మాంత్రికులకును చోటు దొరకెను. ఆ మాంత్రికుని అగ్నిగోళము పెద్ద ఱాళ్లను విసరు యంత్రముతోను, పిడుగు ఫిరంగితోను సమానముగా లెక్కింపబడెను. అనగా మాంత్రికుడు మొదట సేనకంతటికిని ఒక ఫిరంగివంటివాడు. 1974లో గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అను నిద్దఱు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను మూడు చిన్నపుస్తకములుగా వెలువరించిరి. పాత్రధారణక్రీడలలో అచ్చుపడి అమ్మకమునకు వచ్చినవానిలో అది మొదటిది. అందు సేన పోయి నలుగురైదుగురు సాహసికుల చిన్నగుంపు వచ్చెను. కాని ఫిరంగి మాత్రము అట్లే నిలిచెను. వందమంది నడుమ నుండదగిన యాయుధము నలుగురి నడుమ నుండిన ఏమగునో ఊహింపవచ్చును.

ఆ యాటను కల్పించినవారు ఈ యపాయము నెఱుగనివారు కారు. జాక్ వాన్సు అను కథకుడు 1950లో ప్రకటించిన ‘డయింగ్ ఎర్త్’ అను పుస్తకములో మాంత్రికుడు కొలదిమంత్రములను మాత్రమే మనస్సున నిలుపుకొనగలడు. ఒకమాఱు ప్రయోగింపగానే ఆ మంత్రము మనస్సునుండి జాఱిపోవును. గైగాక్సు ఈ పద్ధతినే గ్రహించెను. 1974 నాటి నియమములలో మొదటి మెట్టునందున్న మాంత్రికునికి దినమునకు ఒక్కటే మంత్రము. మఱియు పైమెట్టు చేరుటకు యోధునికి 2000 అనుభవాంకములు చాలగా మాంత్రికునికి 2500 కావలెను. 1975లో చేర్చబడిన దొంగ యను పాత్రకు 1200 చాలును. తక్కువ శక్తిగలవాడు త్వరగా మెట్లెక్కును, ఎక్కువ శక్తి కోరువాడు మెల్లగా నెక్కును. ఇది మొదటి మూల్యము.

అయినను ఇందు ఒక గణితదోషము దాగియున్నది. 1978లో వెలువడిన నియమగ్రంథమును చూడుడు. అందు పొడవైన కత్తి దెబ్బకు 1 మొదలు 8 వఱకు పాచిక పడును, సగటు 4½. పదవ మెట్టు చేరిన యోధుడు రెండు వంతులలో మూడు దెబ్బలు వేయును. గుఱి తప్పకున్నను వంతునకు సగటున ఏడుకంటె కొంచెము తక్కువ. ఆ మెట్టుననే యున్న మాంత్రికుని అగ్నిగోళమునకు 10 పాచికలు, సగటు 35. అదియు ఒక్క శత్రువునకు గాదు, ఆ చోటనున్న ప్రతివానికిని! యోధుడు మెట్టెక్కిన కొలది అతని కత్తి కొంచెము బలపడును. మాంత్రికుడు మెట్టెక్కిన కొలది మంత్రముల సంఖ్యయు పెరుగును, ఒక్కొక్క మంత్రపు బలమును పెరుగును. సంఖ్య 5, బలము 5 అయిన లబ్ధము 25. రెండును 10 అయిన లబ్ధము 100. ఒకడు సరళరేఖలో నడచుచుండగా మఱియొకడు వర్గసంఖ్యలవలె ఎగయుచున్నాడు. ఆరంభమున మాంత్రికుడు ఒక మంత్రముతో సరిపెట్టుకొని చిన్నదెబ్బకు చచ్చును. తుదకు తక్కినవారు అతని సామాను మోయువారివలె నుందురు. మొదట ఒకనికి కష్టము, తుద నందఱికిని కష్టము. దీనిని తూకమనరాదు, అన్యాయములను వంతులవారీగా పంచుట యనవలెను.

తరువాతివారు దీనికి పలువిధముల చికిత్సలు చేసిరి. 2000లో వచ్చిన మూడవ కూర్పు పాత్రలన్నిటికిని మెట్లెక్కుటకు ఒకటే పట్టిక నిర్ణయించెను. చూచుటకు న్యాయముగనే యుండెను. కాని పాతనియమములలో మాంత్రికునికి అడ్డుగా నున్న ఒక కట్ట తెగిపోయెను. 2008 నాటి నాల్గవ కూర్పు యోధునికిని మాంత్రికునికిని ఒకేరీతి శక్తులు పంచెను: ఎల్లప్పుడు వాడదగినవి కొన్ని, పోరాటమున కొక్కమాఱు వాడదగినవి కొన్ని, దినమున కొక్కమాఱు వాడదగినవి కొన్ని. తూకము కుదిరెను, కాని యోధుడును మాంత్రికుడును ఒకే అచ్చున పోసిన బొమ్మలవలె నున్నారని పలువురు క్రీడాకరులు అసంతృప్తి పడిరి. 2014 నాటి అయిదవ కూర్పు ఏకాగ్రత యను నియమమును తెచ్చెను. కొంతకాలము నిలిచియుండు మంత్రములలో పెక్కింటికి మాంత్రికుడు మనస్సును లగ్నము చేయవలెను. అట్టివి ఒక సమయమున ఒక్కటికంటె నిలువవు. అతనికి దెబ్బ తగిలినప్పుడు పాచిక సరిగా పడనిచో ఉన్నదియు చెదరిపోవును. మా దృష్టిలో ఈ నియమము మిక్కిలి తెలివైనది. ఏలయన మాంత్రికుడు మంత్రమును నిలుపవలెనన్న ఎవరైన ముందు నిలిచి అతనిని కాపాడవలెను. అట్లు యోధునికి పని కలిగినది.

వీనికంటె వింతయైన యుపాయమును 1987లో జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ అనువారు ‘ఆర్స్ మాజికా’ అను ఆటలో పన్నిరి. అందు 5 క్రియలు, 10 వస్తువులు. సృష్టించుట, తెలిసికొనుట, మార్చుట, నశింపజేయుట, నడపుట అను క్రియలను అగ్ని, జలము, దేహము మొదలగువానితో జతచేసి 50 విధముల మంత్రము చేయవచ్చును. అచటి మాంత్రికులు తక్కిన పాత్రలకంటె అధికులని ఆ గ్రంథమే దాచక చెప్పును. అయినను ఆ యాటలో పేచీ లేదు. ఏలయన ప్రతి క్రీడాకరునికిని ఒక మాంత్రికుడును, సామాన్యపాత్రలును గలవు. ఈవారము ఒకడు మాంత్రికుడై తక్కినవారు సేవకులైనచో, పైవారము మఱియొకడు మాంత్రికుడగును. పాత్రలు సమానములు గావు, ఆడువారు సమానులు. పులిజూదములో చూచిన భేదమే ఇది.

ఇట్టి గ్రంథము లెన్ని యున్నను ఈ యాట నాడువారు సొంతనియమములు వ్రాసికొనక మానరు. అమెరికావారు దానిని ‘హోమ్‌బ్రూ’ అందురు. ఇంట కాచుకొన్నదని యర్థము. మేమును ఆ పనికి పూనుకొంటిమి. పలు ముఖముల పాచికలు మావద్ద లేవు. ఆఱుముఖముల పాచికలు మాత్రమే యున్నవి. గ్రంథములలోని మంత్రములు వందలకొలది. మాకు పండ్రెండు చాలును. కావున మాంత్రికునికి దినమునకు 12 శక్తిబిందువు లిచ్చి, ఒక్కొక్క మంత్రమునకు ఇన్ని బిందువులని వెల కట్టితిమి. మేము గణితము బోధించువారము గనుక ఈ లెక్క మాకు మిక్కిలి సంతోషము గలిగించెను. ఆ లెక్కను ఇచట జూపెదము. తొమ్మిదవ తరగతివారు తాము వేసి సరిచూచుకొనవచ్చును.

యోధుడు రెండు పాచికలు వేసి 7గాని అంతకు మించిగాని పడిన కొట్టగలుగును. రెండు పాచికలు పడు విధములు 36. వానిలో 7 మొదలు 12 వఱకు వచ్చునవి 21. దెబ్బ ఒక పాచికకు 2 కూడగా సగటు 5½. కావున వంతునకు అతడు చేయు నష్టము సగటున 3.2. దినమునకు నాలుగు పోరాటములు, పోరాటమునకు నాలుగు వంతులు అనుకొన్న 16 వంతులలో సుమారు 51. మాంత్రికుని అగ్నిమంత్రమునకు వెల 3 బిందువులు, దెబ్బకు 3 పాచికలు, సగటు 10½. ఉన్న 12 బిందువులతో నాలుగుమాఱులు ప్రయోగించిన 42. మిగిలిన 12 వంతులలో అతడు కఱ్ఱతో కొట్టును; 9 మొదలుకొని పడవలెను; అట్టి విధములు 10; దెబ్బ ఒక పాచిక; అన్నియు గలిపి సుమారు 12. మొత్తము 54. యోధునికి 51, మాంత్రికునికి 54! ఇంతకంటె చక్కని తూకము త్రాసులో నుండునా యని మేము మురిసితిమి.

మా మురిపెము మూడు వారములు నిలిచెను. మొదటి దెబ్బ దినము అను మాటవలన తగిలెను. దినమునకు నాలుగు పోరాటములని మేమనుకొంటిమి గాని, ఆడువారు అట్లనుకొనవలెనని నియమ మేమున్నది? వారు మొదటి పోరాటముననే బిందువులన్నియు వెచ్చించి, “ఇక పండుకొందము, తెల్లవాఱిన పిదప చూచుకొందము” అనసాగిరి. నాలుగు వంతుల పోరాటమొక్కటియే యైనచో యోధుని లెక్క 12.8, మాంత్రికుని లెక్క 42, మూడింతలకు మించి. వెల తగ్గలేదు, మంత్రము పెరుగలేదు, దినము చిన్నదాయెను. వెల కట్టునపుడు ఆ ధనము మరల ఎప్పుడు చేతికి వచ్చునో చూడనివాని లెక్క లెక్క గాదు. దీనికి విరుగుడు తేలికగనే దొరకెను. నిద్రపోయినంతమాత్రమున బిందువులు తిరిగి రావనియు, కథలో నిర్ణయించిన మజిలీ చేరినపుడే వచ్చుననియు మార్చితిమి. మజిలీల నడుమ మూడు నాలుగు పోరాటము లుండునట్లు కథకుడు చూచుకొనును.

రెండవ దెబ్బ వైద్యుని మంత్రము వలన తగిలెను. బిందువులు లేనపుడు ప్రాణాంకములు వెచ్చించి మంత్రము చేయవచ్చునని మేమొక నియమము వ్రాసియుంటిమి. తన రక్తమునే చెల్లించుట గంభీరముగా నుండునని మా యూహ. గాయము మాన్పు మంత్రమునకు వెల 4 ప్రాణాంకములు; మాన్పునది 2 పాచికలు, సగటు 7. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె కాగితముపై రెండు నిమిషములు లెక్క వేసి, “మాస్టరుగారూ, నన్ను నేనే మాన్పుకొన్నచో ప్రతిమాఱును మూడు మిగులుచున్నవండి” అనెను. నిజమే! 4 యిచ్చి 7 పుచ్చుకొనుచుండిన ఏ గాయమును మిగులదు. కొనిన వస్తువే నాణెమైనచో కొట్టు దివాలా తీయును. ప్రాణముతో కొన్నది ప్రాణమును ఈయరాదని ఆ దినముననే నియమము చేర్చితిమి. ఆమె పేరు వ్రాయకున్నను ఆ నియమమును మేము ఆమె నియమమనియే పిలుచుచున్నాము.

ఈ రెండు దోషములును లెక్కలో పుట్టి లెక్కతో పోయినవి. మూడవది అట్టిది గాదు. మా కంటికి అగపడనే లేదు.

మా గుంపులో అయిదవవాడు ఏడవ తరగతి బాలుడు, మితభాషి. ఆట పుస్తకములలో దొంగ యనబడు పాత్రను అతడు కోరుకొనెను. పాఠశాలలో ఆ పేరేల యని మేము దానిని తాళములవాడని పిలిచితిమి. సన్ననితీగెలతో తాళము తీయుట, చప్పుడు కాకుండ నడచుట, దాగిన యుచ్చులను కనుగొనుట అతని విద్యలు. అతడు తన పాత్రకు ఇరువది పనిముట్ల పట్టిక వ్రాసికొని, ప్రతిదానికిని చిన్నబొమ్మ వేసికొని తెచ్చెను. మేము మాంత్రికునికి ఇచ్చిన పండ్రెండు మంత్రములలో తలుపు తెఱచు మంత్రమొకటి. యుద్ధమున దానివలన నష్టము సున్న. కావున మా త్రాసులో దాని బరువును సున్నయే. వెల ఒక్క బిందువు.

ఆ పిమ్మట జరిగినది ఊహింపదగినదే. మూసిన తలుపు కనబడగానే మాంత్రికుడు “తెఱచుకొనుము” అనును, అది తెఱచుకొనును, పాచికయు వేయనక్కఱలేదు. తాళములవాడు తీగె తీయులోపల గుంపు లోపలికి పోయియుండును. రెండవవారము అతడు తక్కువ మాటలాడెను. మూడవవారము ఒడిలో నొక కథలపుస్తకము పెట్టుకొని చదువుకొనుచుండెను. పిలిచినపుడు తలయెత్తి పాచిక వేసి మరల తల వంచుకొనెను. నాలుగవవారము రాలేదు. అతడు స్వభావముచేత సిగ్గరి యనియు, ఆట అతనికి రుచింపలేదనియు మేము తలచితిమి. ఉపాధ్యాయుడు తన నియమములను తప్పుపట్టుటకంటె విద్యార్థి స్వభావమును తప్పుపట్టుట సులభము గదా!

సోమవారము ఉదయమున వరండాలో కనబడగా, రాలేదేమని అడిగితిమి. కొంతసేపు ఊరకుండి, “నా వంతు వచ్చులోపల పని అయిపోవుచున్నదండి” అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. అందులో కోపమును లేదు, ఫిర్యాదును లేదు. కాని ఆ యొక్క మాటతో 51కిని 54కును మేము కుదిర్చిన తూకమంతయు వమ్మాయెను.

ఆ సాయంకాలము మేము నియమముల నోటుపుస్తకము తీసి మరల చదివితిమి. మేము తూచినది దెబ్బలను, తూచవలసినది వంతులను. ఏ మంత్రమెంత నష్టము చేయుననుటకంటె ముందు, ఏ మంత్రము ఎవరి పనిని అపహరించుచున్నదని అడుగవలసియుండెను. అగ్నిమంత్రము యోధుని చిన్నబుచ్చలేదు. శత్రువు లెందఱో యుందురు, ఇద్దఱును కొట్టవచ్చును. తలుపు ఒక్కటే. దానిని ఒకడు తెఱచిన పిదప రెండవవానికి తెఱచుటకేమియు మిగులదు. పంచుకొనదగిన పనికి తక్కువవెల కట్టినను కట్టవచ్చును. పంచుకొనరాని పనిని మఱియొకనినుండి తీసికొను మంత్రమునకు ఎంత వెల కట్టినను జాగ్రత్తతో కట్టవలెను.

మొదట మాకు తోచిన దిద్దుబాటు వెల పెంచుట: 1 బిందువును 6 చేయుట. కొంచెము ఆలోచింపగా అది చాలదని తెలిసెను. అట్లు చేసినచో మాంత్రికుడు అరుదుగా వాడును. కాని వాడినప్పుడెల్ల తాళములవానికి పాత యవమానమే. మంత్రమును తీసివేయుట మఱియొక మార్గము. అది మాంత్రికుని ముచ్చట చెఱుచును. తుదకు మేము చేసినది ఇది. ఆ మంత్రము తలుపును తెఱచును గాని పిడుగు పడినంత చప్పుడు చేయును, లోపలివారందఱును మేల్కొందురు, గడియ విఱుగును, మరల మూయవీలుపడదు. తాళములవాని తీగెకు కాలము పట్టును, పాచిక తప్పిన తప్పును. కాని చప్పుడుండదు, వెనుక తలుపు మూసికొనవచ్చును. అప్పుడు తలుపు ఎదుటపడినపుడు ఎవరు తెఱచుదురను ప్రశ్న పోయి, ఎట్లు తెఱచుదమను ప్రశ్న వచ్చెను. శత్రువులు తఱుముచుండగా మాంత్రికుడు. రహస్యముగా పోవలసినపుడు తాళములవాడు. మూల్యమనగా బిందువులు మాత్రమే గాదు. కాలము మూల్యము, చప్పుడు మూల్యము, మరల సరిచేయ వీలులేని నష్టము మూల్యము. మంత్రమునకు తగిన మూల్యమేదనిన, దానిని వాడుటకు ముందు వాడువానిని ఒక నిమిషము ఆలోచింపజేయునది.

తమ సొంతమంత్రములను వ్రాయగోరు విద్యార్థులకు మఱియొక హెచ్చరిక. కొందఱు వెలకు బదులు అపాయమును పెట్టుదురు: రెండు పాచికలలో రెండును ఒకటులే పడినచో మంత్రము బెడిసికొట్టునని. దాని సంభావ్యత 36లో 1, చిన్నదిగనే కనబడును. కాని 25 మాఱులు ప్రయోగించినచో ఒక్కమాఱైనను బెడియుటకు సగముకంటె కొంచె మెక్కువ యవకాశము కలదు. నెలదినములలో అది జరుగవచ్చును. జరిగినపుడు దాని ఫలమెవరిమీద పడునో చూడుడు. మాంత్రికుని చేయి కాలినచో అది మూల్యము. గుంపంతయు చచ్చినచో అది మూల్యము గాదు. ఒకడు కొన్నదానికి తక్కినవారు చెల్లించుట. ఇతరులు చెల్లించు వెల యెంత పెద్దదైనను కొనువానిని ఆపదు.

క్రొత్తమంత్రమును బల్లమీదికి తెచ్చుటకుముందు మేమిప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుచున్నాము. దీనికై వాడు ఏమి చెల్లించును? చెల్లించినది తిరిగి ఎప్పుడు వచ్చును? ఈ మంత్రమునే తిప్పి తిప్పి వాడినచో ఎచటనైన తరుగని యూట పుట్టునా? దీనివలన ఎవరి వంతు పోవును? మొదటి మూడింటికి పెన్సిలు చాలును. నాల్గవదానికి బల్లచుట్టునున్న ముఖములను చూడవలెను. అందుకై మేమొక చిన్నయుపాయము చేసితిమి. ఒక కాగితముమీద అందఱి పేర్లును వ్రాసి, ఎవని మాటవలన కథ మలుపు తిరిగినదో వాని పేరున కెదురుగా ఒక గీత గీయుదుము. పాతనియమములతో ఆడిన సాయంకాలములను జ్ఞప్తికి తెచ్చుకొని అట్టి పట్టిక వ్రాసిచూడగా, మాంత్రికుని పేరున కెదురుగా గీతలు వరుసకట్టినవి. తాళములవాని కెదురుగా ఒక్కటియు లేదు. ముందుగనే గీసియుండిన మాకు ఆ సోమవారపు మాట వినవలసిన పని లేకుండెడిది.

క్రొత్తనియమములు వ్రాసినపిమ్మట ఆ బాలుని పిలిచి, “నీ తలుపును గూర్చి కొంత మార్చితిమి; చదివి, తప్పున్న చెప్పుము” అని నోటుపుస్తకము చేతికిచ్చితిమి. అతడు దానిని ఇంటికి తీసికొనిపోయి మఱునాడు తెచ్చెను. అంచున పెన్సిలుతో చిన్నయక్షరములలో ఒకమాట వ్రాసియుండెను: “తుప్పుపట్టిన తాళమైనచో నాకు నూనె కావలెను. నూనె వెల యెంత?” తన పాత్రకు తానే మూల్యము కోరు విద్యార్థిని మేము అదివఱకు చూడలేదు. నూనెబుడ్డికి రెండు వెండినాణెములని నిర్ణయించితిమి.

ఆ శనివారము అతడు వచ్చెను. కోటలోపలి మెట్లక్రింద ఒక యినుపతలుపు. అవతల కావలివారు నిద్రించుచున్నారు. మాంత్రికుడు నోరు తెఱచి, చప్పుడును తలచుకొని మరల మూసికొనెను. అందఱును తాళములవానివైపు తిరిగిరి. అతడు తన పట్టికలో వెదకి, నూనె పోసి, తీగె దూర్చి పాచికలు వేసెను. 8 పడవలెను, 8 పడెను. మాంత్రికుడు అతనికి వెలుతురు చూపుటకై దీపమంత్రమునకు ఒక్క బిందువు వెచ్చించెను. ఆ సాయంకాలపు కాగితముమీద ఇద్దఱి పేర్ల కెదురుగను గీతలు గీసితిమి.